పదకొండు సీసాల ఆముదం

లాస్యా, ఆ ఫోను బోర్లించి ఇటు రా. ఇంకా దగ్గరికి జరుగు. గోడ అవతల ఉషారాణి బట్టలు ఆరేస్తోంది, ఆవిడ చెవిన పడకూడని సంగతి ఇది. మొన్న డిసెంబరులో మండలి వార్షికోత్సవంలో మీ చిన్నతాత విమానం ఎగరడం నువ్వే వీడియో తీశావు, నలుగురికీ పంపావు. విమానం ఎగిరిన మాట నిజమే. ఏం పోస్తే ఎగిరిందన్నది ఆ వీడియోలో లేదు. మండలి తీర్మానాల పుస్తకంలో ఉంది కానీ, అక్కడున్నది అబద్ధం. అసలు సంగతి తెలిసినవాళ్లం ఇప్పటిదాకా ఇద్దరమే. ఇవాళ నీతో ముగ్గురం అవుతాం.

మీ చిన్నతాత చిరంజీవి, అంటే నా మరిది, డీజిల్ షెడ్డులో ముప్ఫై ఆరేళ్లు ఫిట్టరుగా చేశాడు. రిటైరైన రోజున ఒక దండ, ఒక శాలువా, ఒక గోడ గడియారం ఇచ్చి పంపారు. క్వార్టరు ఖాళీ చేసి, బిలాస్‌పూర్‌లోనే ఈ తోర్వా పేటలో మన రెండు గదుల ఇంటికి వచ్చేశాడు. పెళ్లి చేసుకోని మనిషి. మీ తాతయ్య పోయాక ఇంటికి ఒక తోడు ఉంటుందిలే అనుకున్నాను. ఆ తోడు ఏం చేసిందో తెలుసా. పొద్దున్న అయిదింటికి లేచి, బూట్లు వేసుకుని, మంచం మీద కూర్చునేది. ఎదురుగా గోడకి ఆ గడియారం. "ఇప్పుడు మొదటి షిఫ్టోళ్లు లోపలికెల్తారు వదినా," అనేవాడు. మధ్యాహ్నం కాగానే, "ఈపాటికి రెండో షిఫ్టోళ్లు వచ్చీసుంటారు," అనేవాడు. ఏడాదిపాటు మన ఇంట్లో షెడ్డు నడిచింది, ఒక్క ఇంజనూ లేకుండా.

ఆ తరవాత ఒకరోజు తిఫ్రాలో పాత ఇనుము కొనేవాడి దగ్గర ఒక ఇంజను దొరికిందని పట్టుకొచ్చాడు. నిమ్మకాయంత ఉంది. విమానం బొమ్మకి పెట్టేదట. మనిషి లోపలికి దూరి తుడవగలిగినంత పెద్ద ఇంజన్లు విప్పిన చేతులవి. ఆ నిమ్మకాయని విప్పి, కడిగి, మళ్లీ బిగించడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ గడియారం వైపు చూస్తే ఒట్టు. తరవాత పల్చటి చెక్కతోనూ రంగు కాగితంతోనూ విమానం కట్టాడు. దానికి రిమోటూ గిమోటూ లేవు. రెండు సన్నటి ఉక్కు తీగలు, వాటి చివర ఒక పిడి. మధ్యలో మనిషి పిడి పట్టుకుని తిరుగుతుంటే, చుట్టూ గుండ్రంగా విమానం ఎగురుతుంది. గానుగెద్దు మధ్యలో నిలబడి, గానుగ చుట్టూ తిరిగినట్టు అనుకో.

మొదటిసారి ఆ ఇంజనుని మన వరండాలోనే నడిపాడు. అది తాగే మందులో ఆముదం ఉంటుంది, పొగలో సగం అదే. ఆరేసిన అయిదు చీరలూ మళ్లీ నీళ్లలో వేశాను. "ఇంట్లో ఇది పెట్టకు బాబూ," అన్నాను. అప్పుడే మండలి హాలు వెనక ఎవరికీ పట్టని గదొకటి అడిగి తీసుకున్నాడు. పొద్దున్న టిఫిను తిని వెళ్తే చీకటి పడే వేళకి వచ్చేవాడు. వచ్చేటప్పుడు ఈల వేసుకుంటూ వచ్చేవాడు. అంతకు ముందు ముప్ఫై ఆరేళ్లలో ఆ మనిషి ఈల వేయడం నేను వినలేదు.

మండలి అంటే మన ఉత్తరాంధ్ర మిత్ర మండలి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వేలోకి వచ్చి బిలాస్‌పూర్‌లో ఉండిపోయినవాళ్లది. డ్యూటీలో ఉన్నన్నాళ్లూ అందులోకి తొంగిచూసే తీరిక ఎవరికీ లేదు. రిటైరయ్యాక అందరూ అందులోనే డ్యూటీ చేస్తున్నారు. అధ్యక్షుడు జయప్రకాష్ గారు, ఉషారాణి మొగుడు, హెడ్ క్లర్కుగా చేశాడు. నోటీసు అంటించనిదే ఆయనకి టీ దిగదు. కార్యదర్శి అమ్మన్న గూడ్సు బండి గార్డుగా చేశాడు. ఇప్పటికీ చొక్కా జేబులో విజిలు, సంచిలో పచ్చజెండా ఉంటాయి. ఏ మాట చెప్పినా ముందు టైము చెప్పి మొదలుపెడతాడు.

ఆ మండలికి మాజీ అధ్యక్షులు ఏడుగురున్నారు. మార్చి వస్తే జయప్రకాష్ గారు ఎనిమిదో మాజీ. అందుకో మరెందుకో గాని, మాజీ అధ్యక్షులకి ఒక విశ్రాంతి గది ఉండాలని ఆయనకి నవంబరులో తోచింది. ఖాళీ చేయించడానికి ఉన్న గది ఒక్కటే.

మీటింగు రోజున టీ డ్యూటీ నాది. వెనక నిలబడి అంతా విన్నాను.

"అచ్ఛా చిరంజీవీ, ఆ గదిలో నువ్వు చేసేదేటి?" అని అడిగారు జయప్రకాష్ గారు.

"విమానం కడతన్నాను."

"ఎగిరిందా?"

"ఇంజను నడుస్తంది. ఎగరడానికి గ్రౌండు కావాల."

"పదకొండు ఇరవై అయింది," అన్నాడు అమ్మన్న. "కదలని బండికి సిగ్నలేల? గది ఇచ్చీమను."

మీ చిన్నతాత లేచి నిలబడ్డాడు. మీటింగులో ఆయన నిలబడ్డం అదే మొదలు. "వార్షికోత్సవానికి ఎగరేస్తాను. పెద్దల ముందల అయిదు సుట్లు. ఎగిరితే గది నాకుండిపోవాల. ఎగరకపోతే నా సామాను నానే మోసుకెల్తాను. ఎవులూ అడగక్కర్లేదు."

నేను టీ పళ్లెం కింద పెట్టేశాను లాస్యా. ఆ గది పోతే ఆ మనిషి ఎక్కడికి వస్తాడో నాకు తెలుసు. బూట్లు వేసుకుని మంచం మీదికి, ఆ గడియారం ముందుకి. మొదటిసారి ఏడాది కూర్చున్నాడు. రెండోసారి కూర్చుంటే లేచేవాడని నాకు నమ్మకం లేదు.

జయప్రకాష్ గారు సంతోషంగా తీర్మానం రాసి, కింద గీత గీశారు. అంతా అయిపోయిందనుకుంటూ ఉండగా ఉషారాణి అడిగింది. "ఇంతకీ అందులో ఏటి పోస్తావు చిరంజీవన్నా?"

"స్పిరిటు, ఆముదం. ఓ సుక్క నైట్రో."

ఉషారాణి ఫోను తీసింది. నైట్రో పేరుతో మొదలయ్యేవన్నీ కొండలు పేల్చేవేనని ఎవరో ఆవిడకి పంపారట, అది ఎవరికో ఎవరో పంపారట. చదివి వినిపించింది. వెనక వరసలో ఇద్దరు కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. సాయంత్రానికి గోడ మీద నోటీసు వచ్చింది, తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో. మండలి ఆవరణలో నైట్రో తేవడం, ఉంచడం, ఉచ్చరించడం నిషేధం.

నేను దిగులుపడుతూ ఇంటికి వచ్చాను. మీ చిన్నతాత నవ్వుతూ వచ్చాడు. "నైట్రో లేకపోయినా నడుస్తాది వదినా. పెద్ద పెద్ద పోటీల్లో అలగే నడుపుతారు."

"మరి ఎందుకు పోస్తారయ్యా?"

"నువ్వు పులుసులోకి మిరపకాయ ఎందుకేస్తావు? అలగే. మిరపకాయ లేకపోయినా పులుసు పులుసే. కాపోతే కాస్త ఎక్కువ మరగనియ్యాల." ఇంజను విప్పి చూపించాడు. నెత్తి మీద మూత కింద కాగితమంత పల్చటి రాగి చుట్టు ఉంది. అది తీసేస్తే మూత కొంచెం కిందికి దిగి, లోపల గట్టిగా నొక్కుకుని వేడి ఎక్కువ పుడుతుందట. లోపల ఎర్రగా కాలే చిన్న తీగ ఉంటుంది, దాన్ని కూడా వేడి బాగా నిలిచే రకానిది మార్చాడు. సన్నటి సూది ఒకటి ఉంటుంది, ఎంత నూనె లోపలికి వెళ్లాలో దాని తిప్పు మీద ఉంటుంది.

"మరి చప్పగా ఉండదా?"

"సప్పగానే ఉంటాది. పొద్దున్న సలిలో లెగమంటే బద్దకిస్తాది. లెగిసిందంటే బుద్ధిగా పన్చేస్తాది. నాలాటిదే."

నాలుగు పాళ్లు స్పిరిటుకి ఒక పాలు ఆముదం, అంతే మందు. ఆ స్పిరిటు సిర్గిట్టిలో రంగులు చేసే చిన్న కార్ఖానా నుంచి తెచ్చాడు. విషమని తాళం వేసి పెట్టేవాడు, మూత ఒక్క నిమిషం తెరిచి ఉంచేవాడు కాదు. గాలిలో తడి పీల్చేస్తుందట. ఇక మిగిలింది ఆముదం. అక్కడే ఆయన నోరు జారాడు. మర్నాటి మీటింగులో, ఎవరూ అడక్కుండానే, "ఆముదం మందుల షాపులో తెస్తాను," అన్నాడు.

జయప్రకాష్ గారు కళ్లజోడు తీశారు. "మందుల షాపా? పలాస నుంచి పాలకొండ దాకా మన ఆడోళ్లు వండిన ఆముదంతో పెరిగిన బుర్రలు ఇక్కడ పదకొండున్నాయి. సభ్యులు పదకొండు మందిమి ఉండగా మండలి విమానానికి షాపు ఆముదమా? రేపు ముఖ్య అతిథి అడిగితే ఏటి సెప్తాం?"

అప్పటిదాకా అది చిరంజీవి విమానం. ఆ నిమిషం నుంచి మండలి విమానం అయింది. ఇంటికొక సీసా ఆముదం ఇవ్వాలని తీర్మానం.

సీసాలు వచ్చాయి చూడూ, దేనికదే. దగ్గుమందు సీసాలో ఒకటి, తేనె సీసాలో ఒకటి, దేవుడి బొమ్మ అతికించిన మందు సీసాలో ఒకటి. ఆ దేవుడి వెనక ఏ బ్రాండు ఉందో అందరికీ తెలుసు. ఉషారాణి తన సీసాకి ఎర్రటి గుడ్డ చుట్టి తెచ్చింది, పెళ్లికూతురిలా. అమ్మన్న సీసా మీద తయారైన తేదీ, టైము రాసి ఉన్నాయి. మన ఇంటి తరఫున నేనిచ్చాను. పలాసలో మా చెల్లెలు చిన్నతల్లి గింజలు వేయించి, దంచి, నీళ్లలో వండి, పైకి తేలిన ఆముదం గరిటెతో తీసి, మళ్లీ కాచి, రైల్లో తెలిసినవాళ్లతో పంపింది. దాని ఆముదం గురించి నేను చెప్పిన గొప్పలు మొత్తం రాస్తే మండలి పుస్తకం చాలదు.

సీసాలన్నీ కూడబెట్టి మీ చిన్నతాత తల పట్టుకున్నాడు. "వదినా, ఓపాలి ఇటు రా. వండిన ఆముదంలో తడి ఉండిపోతాది. మాడు కూడా ఉంటాది. ఈ ఇంజను కన్నం సూదిమొనంత. ఏది మంచిదో ఎలగ తెలుస్తాది?"

అది నాకు తెలుసు. మా అమ్మ చూపించింది. పదకొండు ప్రమిదలు వరండాలో వరసగా పెట్టి, ఒక్కోదాంట్లో ఒక్కో సీసా ఆముదం పోసి, వత్తులు వెలిగించాను. తడి ఉన్న ఆముదం దీపంలో మాట్లాడుతుంది. తడి లేనిది నోరు మూసుకుని వెలుగుతుంది. మధ్యాహ్నం పూట వరండాలో దీపాలేమిటా అని ఉషారాణి కూడా వచ్చి నిలబడింది.

అన్నిటికంటే ముందు చిటపటమన్నది ఏదో తెలుసా. మనదే. నా చెల్లెలిదే. నవ్వకు. తరవాత ఉషారాణిది మొదలైంది, పోపులో ఆవాలు పడ్డట్టు. ఆ వెనకే ఒకటొకటిగా మిగతావి. పదీ మాట్లాడాయి. అమ్మన్నది ఒక్కటే మాట్లాడలేదు. సంతోషించబోయేంతలో వాసన తెలిసింది. సీసా చూస్తే అడుగున తెల్లగా గడ్డకట్టి ఉంది. సగం కొబ్బరినూనె, తలకి రాసుకునేది. చివరికి మీ చిన్నతాత జేబులోంచి చిన్న సీసా తీశాడు, తోర్వాలో మందుల షాపుది, కడుపు కదలడానికి తాగేది. పన్నెండో ప్రమిదలో పోశాను. ఆ దీపం కుదురుగా నిలబడి వెలిగింది, ఫొటో తీయించుకుంటున్న మనిషిలా.

"దీపానికే కుదరనిది ఇంజనుకి ఎలగ కుదురుతాది ఉషారాణీ," అన్నాను.

"దీపం వేరు, ఇంజను వేరు వదినా," అంది. "అయినా ముందల చిటపటన్నది మీదే కదేటి. మాదొక్కటే అన్నట్టు సూస్తారేల?"

నేను వంగి మా ప్రమిద ముందు ఆర్పాను.

ఈ దీపాల సంగతి మండలిలో పెద్ద గొడవైంది. ఫలానావారి ఆముదం పనికిరాదని రాయాలంటే పదకొండు మందివీ రాయాలి. ఏదో ఒకటి పనికొస్తుందని రాయాలంటే పదిమందికి కోపం. జయప్రకాష్ గారు ముప్ఫై ఏళ్ల క్లర్కు అనుభవమంతా ఉపయోగించి దారి కనిపెట్టారు. అన్ని ఇళ్ల ఆముదం సమానంగా కలిపేయాలి. దానికి సమైక్య ఆముదం అని పేరు. పది తప్పులు, పదకొండో తప్పు కలిస్తే ఒప్పవుతుందని ఆఫీసులో ఆయన ఎక్కడ చూశారో నాకు తెలియదు, చూసే ఉంటారు.

కలిపి, స్పిరిటు పోసి, పారదర్శకంగా ఉండే డబ్బాలో బల్ల మీద పెట్టారు. పావుగంటకి డబ్బాలో మూడు అంతస్తులు లేచాయి. పైన ఒక రంగు, మధ్యలో ఒక రంగు, అడుగున కొబ్బరినూనె. "స్పిరిటుతో కలిసే గుణం ఆముదానికే ఉంటాది, కొబ్బరినూనెకి ఉండదు," అన్నాడు మీ చిన్నతాత.

"పన్నెండు పది," అన్నాడు అమ్మన్న గడియారం చూసుకుని. "కలవకపోతే కలపాల. మనిసికి రెండు నిమిషాలు ఊపుదాం." పదకొండు మంది పెద్దమనుషులు వంతులవారీగా డబ్బా ఊపారు. అమ్మన్న ప్రతి వంతుకీ విజిలు వేశాడు.

వారం ముందు ట్రయల్ పెట్టారు. ఇంజను పన్నెండు క్షణాలు నడిచింది. లెక్క అమ్మన్నదే. దగ్గింది, నల్లటి జిగురు కక్కింది, బిగుసుకుపోయింది. ముందుండే పంకా చేత్తో తిప్పినా తిరగలేదు.

జయప్రకాష్ గారు ఇంజను వైపు చూసి అన్నారు. "అచ్ఛా. తప్పు ఇంజనుదే. పదకొండిళ్ల ఆముదం తప్పెలగవుద్ది? చిరంజీవీ, వార్షికోత్సవం రోజున కూడా ఇదే ఆముదం. ముఖ్య అతిథి సొంత సేతుల్తో పోస్తారు. ప్రోగ్రాంలో అచ్చయిపోనాది."

మర్నాడు పొద్దున్న అయిదింటికి నాకు బూట్ల చప్పుడు వినిపించింది. లేచి చూస్తే మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా గడియారం.

"ఇప్పుడు మొదటి షిఫ్టోళ్లు..." అన్నాడు.

"ముందల బూట్లు ఇప్పు," అన్నాను. "ఆ నిమ్మకాయ ఇలగియ్యి."

"జిగురు పట్టీసింది వదినా. ఇంక రాదు."

"షెడ్డులో జిగురు పట్టీసిన ఇంజను ఒచ్చిందంటే పారేసినావా?"

ఇంజను తెచ్చి నా చేతిలో పెట్టాడు. తరవాత బూట్లు విప్పాడు. పెద్ద ఇంజన్లు చల్లబరచడానికి పోసే నీళ్లు, అదే కూలెంటు, తెచ్చి, పెరట్లో నా పాత కుక్కరులో ఆ ఇంజనుని అందులో ఉడకబెట్టాడు. మూడు గంటలు. జిగురంతా పొరలు పొరలుగా ఊడి వచ్చింది. ఆ కుక్కరు మళ్లీ వంటకి పనికిరాలేదు, ఇప్పుడు అందులో కరివేపాకు మొక్క ఉంది చూడు, అదే.

ఇంజను శుభ్రమైంది. మిగిలింది అతిథి చేతిలోని డబ్బా. దాన్ని వద్దనడానికి లేదు, పోయనివ్వడానికి లేదు. అప్పుడు మీ తాతయ్య గుర్తొచ్చాడు. ఆయనకి పెళ్లి భోజనాల్లో మజ్జిగ సరిపడేది కాదు. వద్దంటే వడ్డించేవాళ్లు ఊరుకోరు. అందుకని మజ్జిగ వచ్చే ముందే గ్లాసు అంచుదాకా నీళ్లు పోసుకుని కూర్చునేవాడు. వాళ్లు పోసినట్టూ ఉండేది, ఈయన కాదనలేదన్నట్టూ ఉండేది.

"నీ విమానం ట్యాంకు నిండిపోతే, పైన పోసింది ఎటెల్తాది?" అని అడిగాను.

"పక్కన ఇంకో గొట్టం ఉంటాది. అందులోంచి బయటికొచ్చీస్తాది." అన్నాడు. నా వైపు చూశాడు. చాలా రోజుల తరవాత పెదాలు ఈలకి సిద్ధమయ్యాయి.

వార్షికోత్సవం డిసెంబరులో, ఆదివారం పొద్దున్న. కరెంటు తీగలకి దూరంగా ఉందని మీ చిన్నతాత మూడుసార్లు అడుగులు లెక్కపెట్టి ఎంచుకున్న మైదానం. చలి. ముఖ్య అతిథి ఎక్కడో పెద్ద ఆఫీసరుగా చేసి దిగినాయన, హిందీ మనిషి, తళతళలాడే నల్లబూట్లు. సమైక్య ఆముదం డబ్బాకి బంతిపూల దండ, కుంకుమబొట్టు. జయప్రకాష్ గారు చంకలో తీర్మానాల పుస్తకం, చేతిలో మూత తీసిన పెన్ను. ఏడుగురు మాజీలూ ముందు వరసలో, కొత్త గదికి కుర్చీలు ఏ రంగువి కొనాలా అని మాట్లాడుకుంటున్నారు.

ట్యాంకు ఇంటి దగ్గరే స్పిరిటూ మందుల షాపు ఆముదమూ కలిపిన మందుతో నిండి ఉంది. ఎవరికీ కనపడదు, విమానం పొట్టలో ఉంటుంది. అతిథికి రబ్బరు బుడ్డి ఇచ్చారు. ఆయన సమైక్య ఆముదం దాంట్లోకి పీల్చి, గొట్టంలో పెట్టి, భక్తిగా నొక్కాడు. ఈ గొట్టంలో పోసింది పోసినట్టు ఆ గొట్టంలోంచి వచ్చి ఆయన బూట్ల మీద పడింది. ఒకటి రెండు చుక్కలు లోపల ఉండిపోయాయేమో. ఆపాటి వాటా వాళ్లకీ ఉండనీ.

"బస్, ఫుల్ హో గయా," అన్నాడాయన.

"ఫుల్ సర్," అన్నాడు మీ చిన్నతాత. అందులో అబద్ధం ఏముంది.

"పది ముప్ఫై, రైట్ టైం," అంటూ అమ్మన్న విజిలు వేసి పచ్చజెండా ఎత్తాడు. మీ చిన్నతాత ఇంజను లోపలి తీగ ఎర్రబడేలా బ్యాటరీ తగిలించి పంకా తిప్పాడు. ఉలుకూ లేదు పలుకూ లేదు. మళ్లీ తిప్పాడు. నైట్రో లేని మందు, పైగా చలి. పదిసార్లు, ఇరవైసార్లు. అమ్మన్న చెయ్యి జెండాతో పాటు దిగజారుతోంది. జయప్రకాష్ గారు పుస్తకం తెరిచారు. మాజీల వరసలో ఎవరో, "ఆకుపచ్చ కుర్చీలు బాగుంటాయి," అన్నారు. నేను నా శాలువా తీసి తీసుకెళ్లి, ఆ ఇంజను మీద కప్పి, రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. పసిపిల్లలకి చలిలో కప్పుతామే, అలాగ. ఎవరూ నన్ను ఆపలేదు. ముసలిదాన్ని ఏ నోటీసు ఆపుతుంది. అయిదు నిమిషాలు అలా ఉన్నాక, "సాలు వదినా, తియ్యి," అన్నాడు. మూడు చుక్కలు లోపల వేసి, తిప్పాడు.

లేచింది. ముందు గొణిగింది, తరవాత సూది తిప్పేసరికి సన్నగా, ఒకే గొంతుతో పాడటం మొదలుపెట్టింది. ఆయన పరుగున మధ్యలోకి వెళ్లి పిడి అందుకున్నాడు. విమానం నేల మీద గెంతుతూ గెంతుతూ లేచింది. ఒక చుట్టు. రెండు. మాజీలు కుర్చీల మాట ఆపారు. మూడు. నాలుగు. నువ్వు పక్కన వీడియో తీస్తున్నావు, నేను వేళ్లు మడుస్తున్నాను. అయిదు.

అయిదో చుట్టు పూర్తవగానే జయప్రకాష్ గారు మైకు అందుకున్నారు, ప్రోగ్రాంలో అలాగే ఉంది గనక. ఆయనకి తెలియని సంగతి ఏమిటంటే, ఆ రకం విమానాన్ని మధ్యలో ఆపడానికి లేదు. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా తిరగాల్సిందే. ట్యాంకేమో అంచుదాకా నిండి ఉంది. ఆరు నిమిషాలు ఆయన మాట్లాడారు, ఆరు నిమిషాలు అది పాడింది. పెదాలు కదలడం కనిపించింది. ఆయన ప్రసంగాల్లో అందరూ మెచ్చుకున్నది అదొక్కటే.

విమానం దిగాక మీ చిన్నతాత కళ్లు తిరిగి గడ్డిలో కూర్చుండిపోయాడు. అరవై మూడేళ్ల మనిషి, అన్ని చుట్లు. కూర్చునే ఈల వేస్తున్నాడు.

అతిథి వచ్చి ఇందులో ఏం పోశారని అడిగాడు. "నైట్రో లేదు సర్," అన్నారు జయప్రకాష్ గారు, తన నోటీసు తనే మరిచిపోయి. "పదకొండిళ్ల ఆముదం. సమైక్యత." అతిథి కళ్లు చెమ్మగిల్లాయి. తన బూట్లు చూపించి, ఇంత మెరుపు ఎన్నడూ చూడలేదన్నాడు. ఉషారాణి నా వైపు చూసి, "దీపం వేరు, ఇంజను వేరని సెప్పలేదేటి వదినా," అంది. మీ చిన్నతాత గడ్డిలోంచి నా వైపు చూశాడు. నేను నోరు మూసుకుని వెలిగాను, ఆ పన్నెండో దీపంలాగ.

అక్కడికక్కడే తీర్మానం రాశారు. సమైక్య ఆముదంతో విమానం ఎగిరినందువల్ల గది శాశ్వతంగా చిరంజీవికి. మాజీ అధ్యక్షులకి వరండాలో కుర్చీలు. ఏటేటా పదకొండిళ్ల నుంచి ఆముదం ఆ గదికి చేరాలి. పదకొండు సంతకాలు. ఆయన తన గది తాళం జేబులో వేసుకుని, మీద చెయ్యి పెట్టుకుని ఇంటికి నడిచాడు. గోడ గడియారంలో బ్యాటరీ అయిపోయింది, నెలైంది, మార్చమని ఆయన అడగలేదు, నేనూ అనలేదు.

ఆ పదకొండు సీసాల్లో మిగిలిన ఆముదం అదుగో అల్మారాలో ఉంది. పారేయడానికి లేదు, తీర్మానం ఉంది. అందుకని మన సాయంకాలం దీపంలో కొంచెం కొంచెం పోసి ఖర్చు చేస్తున్నాను. దీపం ఎందుకు చిటపటమంటుందని మొన్న అడిగావే, ఇదీ కారణం.

నాకు రాయడం సంతకం వరకే వచ్చు. వాళ్లదగ్గర పుస్తకముంది, దాంట్లో అబద్ధం సిరాతో ఉంది. నా దగ్గర నువ్వున్నావు. నువ్వు తెలుగు కూడబలుక్కుని చదువుతావు గాని విన్నది మరిచిపోవు. కనక ఈ సంగతి లోపల దాచుకుని, ఎప్పుడైనా నీ చుట్టూ నలుగురు కూర్చున్నప్పుడు చెప్పు, తోర్వా మందుల షాపు సీసా దగ్గర మాత్రం తొందరపడకు, మా చెల్లెలి ఆముదం మొదట చిటపటమన్నదని కూడా దాచకు. గోడ అవతలివాళ్లు వినేలా మాత్రం చెప్పకు, ఆ తాళం ఇంకా ఆయన జేబులో ఉండాలి. ఏదీ, మొదట మాట్లాడిన దీపం ఎవరిదో ఒకసారి నాకు చెప్పు, విందాం.